కంప్యూటర్ ప్రశ్నలు – జవాబులు: ఒకే మెషిన్‌లో రెండు మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు

ఈసారి వర్చువల్ మెషిన్ల గురించి వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాం. జవాబుల్లో మాటిమాటికీ వచ్చే మూడు పదాలు ముందే చెబుతాం. మీ అసలు కంప్యూటర్, దాని మీదున్న సిస్టమ్ 'హోస్ట్'. దాని లోపల కిటికీలో నడిచే రెండో సిస్టమ్ 'గెస్ట్'. ఈ రెండింటికీ మధ్య నిలబడి ప్రాసెసర్‌నూ మెమరీనీ పంచిపెట్టేది 'హైపర్‌వైజర్' (వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ లాంటి ప్రోగ్రామ్). గెస్ట్‌కు మీరిచ్చే ప్రతి జీబీ ర్యామ్ హోస్ట్ నుంచి తీసి ఇచ్చిందే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద ఉన్న ఇబ్బందుల్లో సగం రావు.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, విండోస్ 11 ఉన్నాయి. కాలేజీ ల్యాబ్ పనికి ఉబుంటు కావాలి. వర్చువల్‌బాక్స్ వేశాను కానీ లిస్టులో 32-బిట్ సిస్టమ్‌లే కనిపిస్తున్నాయి, 64-బిట్ లేదు. ర్యామ్ ఎంత ఇవ్వాలి?
— బీటెక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: 64-బిట్ కనిపించకపోవడానికి దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం. ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్ సదుపాయం బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే కంప్యూటర్ సొంత సెట్టింగ్స్‌లో) ఆఫ్ అయి ఉంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే గ్రాఫ్ కింద 'వర్చువలైజేషన్' అన్న వరుస ఉంటుంది. అక్కడ 'డిజేబుల్డ్' అని ఉంటే బయోస్‌లోకి వెళ్లాల్సిందే.

బయోస్‌కు ఏ కీ నొక్కాలో తెలియకపోతే విండోస్ నుంచే వెళ్లవచ్చు. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, అడ్వాన్స్‌డ్ స్టార్టప్. రీస్టార్ట్ అయ్యాక ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. ఇంటెల్ అయితే 'ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ' లేదా 'వీటీ-ఎక్స్' అని, ఏఎండీ అయితే 'ఎస్‌వీఎం మోడ్' అని ఉంటుంది. ఎనేబుల్ చేసి సేవ్ చేయండి. అయితే దీనికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మీ డిస్క్‌కు బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉందేమో చూసి, ఉంటే రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి కాగితం మీద రాసి పెట్టుకోండి. బయోస్‌లో మార్పు చేశాక కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆ కీ అడుగుతాయి. అది చేతిలో లేకపోతే మీ ఫైళ్లు మీకే అందవు.

ఇక ర్యామ్. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలి. విండోస్ 11 ఏమీ తెరవకుండానే 3 నుంచి 4 జీబీ వాడుకుంటుంది. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ హాయిగా నడవాలంటే 4 జీబీ ఉండాలి. 8 జీబీ మెషిన్‌లో ఈ రెండూ పెట్టి, పైన బ్రౌజర్ కూడా తెరిస్తే విండోస్ డిస్క్‌ను ర్యామ్‌లా వాడటం మొదలుపెడుతుంది. అప్పుడు రెండూ కుంటుతాయి. అందుకే మీకు ఉబుంటు బదులు జుబుంటు గానీ లుబుంటు గానీ సూచిస్తాం. లోపల ఉన్నది అదే ఉబుంటు, పైన ఉండే డెస్క్‌టాప్ మాత్రమే తేలిక. దానికి 2 నుంచి 2.5 జీబీ సరిపోతుంది. ప్రాసెసర్ కోర్లు రెండు, డిస్క్ 25 జీబీ, వీడియో మెమరీ 128 ఎంబీ ఇవ్వండి. నాలుగు కోర్లుంటే నాలుగూ గెస్ట్‌కు ఇవ్వకండి. హోస్ట్‌కు ఊపిరాడకపోతే గెస్ట్ కూడా వేగంగా నడవదు.

మెషిన్ తయారు చేసేటప్పుడు వర్చువల్‌బాక్స్ 'అన్‌అటెండెడ్ ఇన్‌స్టలేషన్' చేస్తానంటుంది, అంటే ప్రశ్నలు అడగకుండా తానే వేసేస్తుంది. అది వద్దని చెప్పండి. అలా వేసిన ఉబుంటులో యూజర్‌కు సుడో (అడ్మినిస్ట్రేటర్) అధికారం లేకపోవడం, టెర్మినల్ తెరుచుకోకపోవడం చాలామందికి ఎదురైన ఇబ్బందులు. చేత్తో వేస్తే పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

వేశాక స్క్రీన్ చిన్నగా ఉండిపోతుంది. గెస్ట్ లోపల టెర్మినల్ తెరిచి బిల్డ్-ఎసెన్షియల్, డీకేఎంఎస్, మీ కెర్నల్‌కు (సిస్టమ్ గుండెకాయ లాంటి భాగానికి) సరిపడే లినక్స్-హెడర్స్ ప్యాకేజీలు ముందు వేయండి. తర్వాత కిటికీ పైనున్న డివైజెస్ మెనూలో 'ఇన్సర్ట్ గెస్ట్ అడిషన్స్ సీడీ ఇమేజ్' నొక్కి ఆ సీడీలోని ఇన్‌స్టాలర్‌ను నడపండి. ఈ వరుస తప్పితే ఇన్‌స్టాల్ అయినట్టే కనిపిస్తుంది కానీ స్క్రీన్ పెరగదు. షేర్డ్ ఫోల్డర్ తెరిస్తే 'పర్మిషన్ డినైడ్' వస్తుందా? మీ యూజర్‌ను వీబాక్స్‌ఎస్ఎఫ్ అనే గ్రూపులో చేర్చి, లాగవుట్ అయి మళ్లీ రండి.

ఇంకో మాట. మీ ల్యాబ్ పని సీ, పైథాన్, షెల్ స్క్రిప్టుల వరకే అయితే వర్చువల్‌బాక్స్ అక్కర్లేదు. విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ చాలు, 8 జీబీ మెషిన్‌కు అదే మేలు. ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టలేషన్, పార్టిషన్లు, నెట్‌వర్క్ అమరికలు నేర్చుకోవాలంటే మాత్రం వర్చువల్ మెషినే కావాలి.

ప్రశ్న: 16 జీబీ ర్యామ్, మంచి ఎస్ఎస్‌డీ ఉన్నా వర్చువల్‌బాక్స్ నత్తనడకే. కిటికీ కింద వరుసలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ వస్తోంది. అదేమిటి?
— వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఆ తాబేలు వట్టి అలంకారం కాదు. 'నేను సొంత కాళ్ల మీద నడవడం లేదు' అని వర్చువల్‌బాక్స్ మీకు చెబుతోంది.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ అధికారాన్ని ఒకసారికి ఒక హైపర్‌వైజరే చేతిలో పెట్టుకోగలదు. మీ విండోస్ 11 బూట్ అయ్యేటప్పుడే మైక్రోసాఫ్ట్ వారి హైపర్-వి ఆ అధికారాన్ని తీసేసుకుంది. మీరు హైపర్-వి ఎప్పుడూ వేయలేదని అనవచ్చు. కోర్ ఐసోలేషన్‌లోని 'మెమరీ ఇంటిగ్రిటీ' అనే రక్షణ దాని మీదే ఆధారపడి నడుస్తుంది, చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో అది ముందే ఆన్ అయి వస్తుంది. డబ్ల్యూఎస్ఎల్ రెండో వెర్షన్, డాకర్ డెస్క్‌టాప్, విండోస్ శాండ్‌బాక్స్ కూడా దాన్నే వాడుకుంటాయి. అప్పుడు వర్చువల్‌బాక్స్ ప్రతి పనికీ హైపర్-విని అడిగి చేయించుకోవాల్సి వస్తుంది. ఆ ఆలస్యమే తాబేలు.

నిర్ధారించుకోవడానికి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి 'వర్చువలైజేషన్-బేస్డ్ సెక్యూరిటీ' వరుస చూడండి. 'రన్నింగ్' అని ఉంటే సంగతి ఇదే. తీసేయాలంటే మూడు చోట్ల చూడాలి. మొదటిది విండోస్ సెక్యూరిటీలో డివైజ్ సెక్యూరిటీ, కోర్ ఐసోలేషన్, మెమరీ ఇంటిగ్రిటీ. రెండోది 'టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్' పట్టికలో హైపర్-వి, వర్చువల్ మెషిన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్, విండోస్ శాండ్‌బాక్స్ టిక్కులు. ఇవి తీసినా తాబేలు పోకపోతే మూడోది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీఎడిట్‌తో హైపర్‌వైజర్‌లాంచ్‌టైప్ విలువను 'ఆఫ్' చేయాలి. తిరిగి కావాలంటే అదే చోట 'ఆటో' అని పెట్టాలి. చివర్లో షట్‌డౌన్ చాలదు, రీస్టార్ట్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు షట్‌డౌన్ చేసినా కెర్నల్ పాత స్థితిలోనే తిరిగి లేస్తుంది.

ఇవన్నీ చేయమని మాత్రం అందరికీ చెప్పం. మెమరీ ఇంటిగ్రిటీ చెడ్డ డ్రైవర్లు కెర్నల్‌లోకి దూరకుండా ఆపే రక్షణ. అదే మెషిన్‌లో బ్యాంకు పనులు చేస్తుంటే దాన్ని తీయడం మాకిష్టం లేదు. మీది విండోస్ ప్రో అయితే హైపర్-వినే నేరుగా వాడండి. అధికారం ఎవరి దగ్గరుందో వాళ్లతోనే పని చేయించుకోవడం సులువు. హోమ్ ఎడిషన్‌లో హైపర్-వి మేనేజర్ రాదు. అప్పుడు వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో వేసి చూడండి. 15.5.5 వెర్షన్ నుంచి అది హైపర్-వి ఆన్‌లో ఉన్నా నడుస్తుంది. 2024 నవంబర్ నుంచి సొంత వాడకానికీ, వ్యాపారానికీ కూడా ఉచితం.

తాబేలు పోయినా వేగం రాకపోతే ల్యాప్‌టాప్ చార్జర్ మీద ఉందో లేదో చూడండి. బ్యాటరీ సేవర్‌లో ప్రాసెసర్ వేగం బాగా పడిపోతుంది. గెస్ట్ డిస్క్ ఫైలు పాత తిరిగే హార్డ్ డిస్క్ మీద ఉంటే దాన్ని ఎస్ఎస్‌డీ మీదికి మార్చండి.

ప్రశ్న: మా ప్రింటింగ్ ప్రెస్‌లో పేజ్‌మేకర్ 7.0, అను ఫాంట్లు విండోస్ ఎక్స్‌పీ మీద నడుస్తున్నాయి. ఆ కంప్యూటర్ ఇవాళో రేపో అన్నట్టుంది. ఇరవై ఏళ్ల పెళ్లిపత్రికలు, కరపత్రాలు, పుస్తకాల ఫైళ్లు అందులోనే ఉన్నాయి. కొత్త విండోస్ 11 మెషిన్‌లో ఎక్స్‌పీని వర్చువల్‌గా నడపవచ్చా?
— డీటీపీ ఆపరేటర్, తెనాలి

జవాబు: నడపవచ్చు. వర్చువల్ మెషిన్ అసలు విలువ తెలిసేది ఇలాంటి చోటే. ముందు ఈ జవాబు పక్కన పెట్టి, ఆ పాత డిస్క్‌లోని ఫైళ్లన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కు కాపీ చేయండి, ఫాంట్స్ ఫోల్డర్‌తో సహా. పాత ఎక్స్‌పీ మెషిన్‌కు పెట్టే డ్రైవ్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ అయి ఉంటే ఇబ్బంది ఉండదు.

పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టుగా వర్చువల్ డిస్క్‌గా మార్చే పద్ధతి ఉంది. కానీ ఎక్స్‌పీ విషయంలో మేం దాన్ని సూచించం. మదర్‌బోర్డు మారిందని యాక్టివేషన్ మళ్లీ అడుగుతుంది, డిస్క్ కంట్రోలర్ మారిందని 7బి అంకెతో నీలి తెర వస్తుంది. కొత్తగా వేసుకోవడమే నయం. దానికి మీ దగ్గరున్న ఎక్స్‌పీ ఒరిజినల్ సీడీ, కీ కావాలి. కంప్యూటర్‌తో పాటు కంపెనీ ఇచ్చిన రికవరీ సీడీ ఆ కంపెనీ బయోస్‌ను వెతుక్కుంటుంది కాబట్టి వర్చువల్ మెషిన్‌లో చాలాసార్లు మొరాయిస్తుంది.

వర్చువల్‌బాక్స్‌లో విండోస్ ఎక్స్‌పీ 32-బిట్ రకం ఎంచుకోండి. ర్యామ్ 1 జీబీ చాలు, పేజ్‌మేకర్‌కు అది ఎక్కువే. ప్రాసెసర్ ఒకటి, డిస్క్ 20 జీబీ. అందరూ తప్పు చేసేది స్టోరేజ్ దగ్గర. డిస్క్‌ను సాటా కంట్రోలర్‌కు తగిలిస్తే ఎక్స్‌పీ సెటప్ 'హార్డ్ డిస్క్ ఏదీ లేదు' అంటుంది, ఎందుకంటే 2001 నాటి ఆ సీడీలో సాటాకు కావలసిన ఏహెచ్‌సీఐ డ్రైవర్ లేదు. స్టోరేజ్ సెట్టింగ్స్‌లో డిస్క్‌నూ, సీడీనీ రెండింటినీ ఐడీఈ కంట్రోలర్, పీఐఐఎక్స్4 రకం కిందికి మార్చండి. యూఎస్‌బీ 3 కంట్రోలర్‌కు కూడా ఎక్స్‌పీలో డ్రైవర్ ఉండదు, యూఎస్‌బీ 2 పెట్టండి.

నెట్‌వర్క్ అడాప్టర్‌ను 'నాట్ అటాచ్డ్' చేయండి. ఎక్స్‌పీకి భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. ఆ మెషిన్‌కు ఇంటర్నెట్ చూపించడానికి ఏ కారణమూ లేదు. ఫైళ్లు అటూ ఇటూ మార్చుకోవడానికి నెట్ అక్కర్లేదు, షేర్డ్ ఫోల్డర్ ఉంది. హోస్ట్‌లో 'ప్రెస్' అని ఒక ఫోల్డర్ పెట్టి, సెట్టింగ్స్‌లో దాన్ని షేర్డ్ ఫోల్డర్‌గా చేర్చి 'ఆటో మౌంట్' టిక్ పెట్టండి. గెస్ట్ అడిషన్స్ వేశాక మై కంప్యూటర్‌లో అది ఒక డ్రైవ్‌లా కనిపిస్తుంది. షేర్ చేసేది ఆ ఒక్క ఫోల్డరే కావాలి, మొత్తం డీ డ్రైవ్ కాదు.

సాఫ్ట్‌వేర్ లాక్ (అది తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న పరికరం) సంగతి. మీ ఫాంట్ ప్యాకేజీకి గానీ వేరే సాఫ్ట్‌వేర్‌కు గానీ యూఎస్‌బీ లాక్ ఉంటే దాన్ని కొత్త మెషిన్‌కు పెట్టి, వర్చువల్ మెషిన్ యూఎస్‌బీ సెట్టింగ్స్‌లో ప్లస్ గుర్తు నొక్కి ఆ లాక్‌ను ఫిల్టర్‌గా చేర్చండి. ఎక్స్‌పీ లేవగానే లాక్ హోస్ట్ నుంచి మాయమై గెస్ట్‌లో కనిపిస్తుంది. దాని డ్రైవర్ ఎక్స్‌పీ లోపల వేయాలి. లాక్ పాత ప్రింటర్ పోర్టుకు తగిలించే రకమైతే కష్టం. బజారులో దొరికే యూఎస్‌బీ నుంచి ప్యారలల్ కేబుల్ ప్రింటర్ల కోసం చేసింది, లాక్‌లకు అది పనిచేయదు, దాని మీద డబ్బు పెట్టకండి. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవారిని యూఎస్‌బీ లాక్ అడగడమే దారి.

కీబోర్డు గురించి భయపడక్కర్లేదు. వర్చువల్‌బాక్స్ ఏ కీ నొక్కారో ఆ మీట సంకేతాన్నే లోపలికి పంపుతుంది, అక్షరాన్ని కాదు. కాబట్టి విండోస్ 11లో ఏ కీబోర్డు ఎంచుకున్నా ఎక్స్‌పీలో మీ అను లేఅవుట్ వేళ్లకు అలవాటైనట్టే వస్తుంది. ఒక్కటే చిక్కు. కుడివైపు కంట్రోల్ కీని వర్చువల్‌బాక్స్ తన సొంతానికి వాడుకుంటుంది. మీకు టైపింగ్‌లో ఆ కీ అలవాటుంటే ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ దగ్గర హోస్ట్ కీని వేరేదానికి మార్చండి.

ప్రింట్‌కు ఎక్స్‌పీలో కొత్త ప్రింటర్ డ్రైవర్ వెతకడం వృథా ప్రయాస. పేజ్‌మేకర్ నుంచి పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా ప్రింట్ చేసి, డిస్టిలర్‌తో పీడీఎఫ్ చేసి షేర్డ్ ఫోల్డర్‌లో పడేయండి, హోస్ట్ నుంచి ప్రింట్ ఇవ్వండి. డిస్టిలర్‌లో ఫాంట్లన్నీ ఎంబెడ్ చేయమని తప్పకుండా పెట్టండి. అను ఫాంట్లు యూనికోడ్ కావు. తెలుగు అక్షర రూపాలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంట్ లేని మెషిన్‌లో 'శుభలేఖ' కాస్తా ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల గందరగోళంగా మారిపోతుంది. ప్లేటు తీశాక చూసుకుంటే నష్టం మీదే. అదే కారణంగా పేజ్‌మేకర్‌లోని మ్యాటర్‌ను కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టలేరు. దానికి అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్ వాడాలి. మార్చిన తర్వాత వత్తులు, పొల్లులు ఒకసారి కంటితో చదివి చూడాలి.

అంతా సరిగా నడిచిన రోజున ఎక్స్‌పీని షట్‌డౌన్ చేసి, ఆ వర్చువల్ మెషిన్ ఫోల్డర్ మొత్తాన్ని ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కు కాపీ చేసుకోండి. రేపు ఈ కొత్త కంప్యూటర్ కూడా పోయిందనుకోండి, ఇంకో దానిలో వర్చువల్‌బాక్స్ వేసి ఆ ఫోల్డర్ పెడితే అరగంటలో మీ ప్రెస్ తిరిగి నడుస్తుంది. ఎక్స్‌పీ ఇన్‌స్టలేషన్, ఫాంట్లు, లాక్ డ్రైవర్ ఏదీ మళ్లీ వేయక్కర్లేదు.

ప్రశ్న: ఎం2 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్ కొన్నాను. మా స్నేహితుడి దగ్గరున్న విండోస్ 10 ఐఎస్ఓ (ఇన్‌స్టలేషన్ డిస్క్ ఫైలు) పెడితే ఏ వర్చువల్ మెషిన్‌లోనూ బూట్ కావడం లేదు. ఫైలు పాడైందా?
— డాలస్‌లో ఎంఎస్ చదువుతున్న విద్యార్థి

జవాబు: ఫైలు బాగానే ఉండి ఉంటుంది. ఆ విండోస్ ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల భాషలో రాసినది. మీ ఎం2 మాట్లాడేది ఆర్మ్ భాష. వర్చువల్ మెషిన్ ప్రాసెసర్‌ను పంచుతుంది, అనువదించదు. అనువదించే పద్ధతిని ఎమ్యులేషన్ అంటారు. యూటీఎం అనే ఉచిత ప్రోగ్రామ్‌లో అది ఉంది. కానీ విండోస్ మొత్తాన్ని అలా అనువదిస్తూ నడపడం ఓపికకు పరీక్షే.

మీకు కావలసింది ఆర్మ్ కోసం చేసిన విండోస్ 11. పారలల్స్ డెస్క్‌టాప్‌లో డబ్బు కట్టి గానీ, వీఎంవేర్ ఫ్యూజన్‌లో ఉచితంగా గానీ అది నడుస్తుంది. అందులో మామూలు ఇంటెల్ ప్రోగ్రాములను విండోస్ తానే అనువదించుకుంటుంది, చాలావరకు నడుస్తాయి. నడవనివి డ్రైవర్ అవసరమైనవి: కొన్ని ఆఫీసు వీపీఎన్‌లు, యూఎస్‌బీ లాక్‌లు, మోసం పట్టే కెర్నల్ ప్రోగ్రామ్ ఉన్న ఆటలు. మీ కోర్సు సాఫ్ట్‌వేర్ ఆ కోవలో ఉందేమో యూనివర్సిటీ ఐటీ విభాగాన్ని ముందే అడగండి. విండోస్‌కు వేరే లైసెన్సు కావాలని కూడా మరవకండి. మెమరీ 8 జీబీయే అయితే విండోస్‌కు 4 జీబీ ఇచ్చి, మ్యాక్ వైపు బ్రౌజర్ మూసి పని చేసుకోండి.

లినక్స్ కావాలంటే ఇంత బాధ లేదు. ఉబుంటు, డెబియన్, ఫెడోరా అన్నిటికీ ఆర్మ్64 ఐఎస్ఓలు ఉన్నాయి.

ప్రశ్న: గెస్ట్ విండోస్‌లో చూస్తే వాడింది 22 జీబీయే. హోస్ట్‌లో దాని వీడీఐ (వర్చువల్ డిస్క్) ఫైలు మాత్రం 60 జీబీ! స్నాప్‌షాట్లు మరో 40. ఫైళ్లు చెరిపినా తగ్గడం లేదు.
— రాజమహేంద్రవరం నుంచి

జవాబు: డైనమిక్ డిస్క్ పెరగడమే గానీ తనంతట తాను తగ్గదు. గెస్ట్‌లో ఫైలు చెరిపితే పట్టికలో దాని పేరు పోతుంది, డిస్క్ గడుల్లో పాత డేటా అలాగే ఉంటుంది. అవి ఖాళీ అయ్యాయని వీడీఐకి తెలియదు. కాబట్టి ఆ గడుల్లో సున్నాలు నింపి, తర్వాత కుదించాలి.

స్నాప్‌షాట్లతో (మెషిన్ ఆ క్షణంలో ఎలా ఉందో అలా గుర్తుపెట్టుకునే వాటితో) మొదలుపెట్టండి. స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి జరిగే మార్పులన్నీ వేరే ఫైలులోకి వెళ్తాయి. ఐదు తీస్తే ఐదు ఫైళ్ల గొలుసు. వర్చువల్‌బాక్స్ స్నాప్‌షాట్ల పేజీలోనే అక్కర్లేనివి ఒక్కొక్కటిగా డిలీట్ చేయండి. డిలీట్ అంటే ఆ మార్పులను పక్క ఫైలులో కలపడం. అందుకు సమయం పడుతుంది, హోస్ట్‌లో కొంత ఖాళీ కూడా ఉండాలి. మధ్యలో ఆపకండి. ఫోల్డర్‌లోకి వెళ్లి ఆ ఫైళ్లను చేత్తో చెరిపితే గొలుసు తెగి మెషిన్ మొత్తం పోతుంది. అలా పోయినదాన్ని తిరిగి తేవడం చాలా కష్టం.

తర్వాత గెస్ట్ విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌డిలీట్ పరికరాన్ని 'జెడ్' ఆప్షన్‌తో సీ డ్రైవ్ మీద నడపండి. గెస్ట్ లినక్స్ అయితే జీరోఫ్రీ వాడాలి, ఆ పార్టిషన్ చదవడానికి మాత్రమే మౌంట్ అయి ఉండాలి. గెస్ట్‌ను షట్‌డౌన్ చేసి, హోస్ట్‌లో వీబాక్స్‌మేనేజ్ కమాండుకు మోడిఫైమీడియం అని, వీడీఐ దారి, చివర్లో కాంపాక్ట్ ఆప్షన్ ఇవ్వండి. మీ లెక్క ప్రకారం ఫైలు 25 జీబీ చుట్టుపక్కలకు రావాలి.

పనిలో పనిగా ఒకటి. స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. అది అదే డిస్క్ మీద, అదే గొలుసులో ఉంటుంది, డిస్క్ పోతే అదీ పోతుంది. అప్‌డేట్ ముందు తీసి, బాగుందని తేలాక రెండు మూడు రోజుల్లో తీసేయడానికే అది. బ్యాకప్ అంటే ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కు కాపీ. ఆ డ్రైవ్ ఫ్యాట్32 అయితే 4 జీబీకి మించిన ఫైలు ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్ గానీ ఎన్‌టీఎఫ్ఎస్ గానీ చేసుకోండి.

ప్రశ్న: సెక్యూరిటీ కోర్సు కోసం రెండు లినక్స్ మెషిన్లు పెట్టాను. రెండిటికీ 10.0.2.15 అనే ఒకే అడ్రస్ వస్తోంది. ఒకదానికొకటి పింగ్ కావు, కానీ రెండింటిలోనూ ఇంటర్నెట్ వస్తోంది.
— హైదరాబాద్, అమీర్‌పేటలో శిక్షణ తీసుకుంటున్న పాఠకుడు

జవాబు: మీరు తప్పేమీ చేయలేదు. వర్చువల్‌బాక్స్‌లో మామూలుగా వచ్చే నాట్ (ఎన్ఏటీ) అనే నెట్‌వర్క్ పద్ధతి ఇంతే. ఒక్కో గెస్ట్‌కు విడివిడిగా ఒక రూటర్ ఉన్నట్టు లెక్క. గెస్ట్‌ను గది అనుకుంటే, ప్రతి గదికీ 10.0.2.15 అన్నదే నంబరు, గది నుంచి వీధిలోకి తలుపుంది, పక్క గదికి లేదు.

సాధన కోసం మేం సూచించేది రెండు అడాప్టర్లు. మొదటిది నాట్, ఇంటర్నెట్ కోసం. రెండోది హోస్ట్-ఓన్లీ, దీనికి 192.168.56 వరుసలో అడ్రస్ వస్తుంది. గెస్ట్‌లు రెండూ, మీ హోస్ట్ కూడా ఆ వరుసలో మాట్లాడుకుంటాయి, బయటివాళ్లకు కనిపించవు. దాడికి గురి కావడానికే తయారుచేసిన లోపాల మెషిన్‌కు మాత్రం మొదటి అడాప్టర్ తీసేసి హోస్ట్-ఓన్లీ ఒక్కటే ఉంచండి. దాన్ని పొరపాటున కూడా బ్రిడ్జ్‌డ్‌లో పెట్టకండి. బ్రిడ్జ్‌డ్ అంటే అది మీ హాస్టల్ నెట్‌వర్క్‌లో అందరికీ కనిపించే మరో కంప్యూటర్. పైగా వైఫై మీద బ్రిడ్జ్‌డ్ కొన్నిచోట్ల పనిచేయదు, ఒక కనెక్షన్‌కు ఒక మ్యాక్ అడ్రస్‌నే (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య, ఆపిల్ మ్యాక్ కాదు) రూటర్ ఒప్పుకుంటుంది.

రెండో మెషిన్‌ను మొదటి దాని క్లోన్‌గా చేసి ఉంటే ఇంకో చిక్కు ఎదురుచూస్తూ ఉంటుంది. క్లోన్ చేసేటప్పుడు అన్ని అడాప్టర్లకూ కొత్త మ్యాక్ అడ్రస్‌లు ఇవ్వమని ఎంచుకోవాలి. ఉబుంటు అయితే అదీ చాలదు. ఈటీసీ ఫోల్డర్‌లోని మెషిన్-ఐడీ ఫైలు రెండిటిలో ఒకటే ఉంటే అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ రెండింటినీ ఒకే మెషిన్ అనుకుని ఒకే అడ్రస్ ఇస్తుంది. క్లోన్‌లో ఆ ఫైలును ఖాళీ చేసి రీబూట్ చేస్తే కొత్తది పుడుతుంది.

ప్రశ్న: ఇంటి నుంచి రాసే ఆన్‌లైన్ పరీక్ష సాఫ్ట్‌వేర్‌ను వర్చువల్ మెషిన్‌లో నడపవచ్చా? నా అసలు సిస్టమ్‌లో అది వేయడం ఇష్టం లేదు.
— నెల్లూరు

జవాబు: వద్దు. అలాంటి సాఫ్ట్‌వేర్ డిస్క్ పేరు, గ్రాఫిక్స్ కార్డు పేరు చూసి వర్చువల్ మెషిన్‌ను పట్టేస్తుంది. పరీక్ష మధ్యలో ఆగిపోవచ్చు, మోసం కింద లెక్కించవచ్చు. వేరే విండోస్ యూజర్ ఖాతా తెరిచి అందులో రాయండి, పరీక్ష అయ్యాక సాఫ్ట్‌వేర్ తీసేయండి.

ప్రశ్న: ఉబుంటు 24.04 హోస్ట్. నిన్నటిదాకా నడిచిన వర్చువల్‌బాక్స్, కెర్నల్ అప్‌డేట్ తర్వాత 'వీటీ-ఎక్స్‌ను వేరే హైపర్‌వైజర్ వాడుతోంది' అంటోంది. నేను వేరేది ఏదీ వేయలేదు.
— బెంగళూరు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: మీరు వేయలేదు, కెర్నల్‌లోనే ఉంది. లినక్స్‌కు సొంత హైపర్‌వైజర్ కేవీఎం 2007 నుంచీ ఉంది. ఇదివరకు అది ఎవరైనా మెషిన్ నడిపినప్పుడే ప్రాసెసర్ అధికారాన్ని తీసుకునేది. కెర్నల్ 6.12 నుంచి కేవీఎం మాడ్యూల్ (కెర్నల్‌కు తగిలే దాని ముక్క) ఎక్కగానే తీసేసుకుంటోంది. తాబేలు కథలోని రెండు కత్తుల తగాదాయే ఇది కూడా.

వర్చువల్‌బాక్స్ కొత్త వెర్షన్ ఉంటే ముందు అది వేసి చూడండి. తగ్గకపోతే తాత్కాలికంగా కేవీఎం_ఇంటెల్ మాడ్యూల్‌ను, ఏఎండీ అయితే కేవీఎం_ఏఎండీని, మోడ్‌ప్రోబ్ 'ఆర్' ఆప్షన్‌తో దించేయండి. శాశ్వతంగా అయితే గ్రబ్‌లోని (లినక్స్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్‌లోని) కెర్నల్ వరుసకు కేవీఎం.ఎనేబుల్_వర్ట్_అట్_లోడ్ విలువ సున్నా అని చేర్చి, అప్‌డేట్-గ్రబ్ నడిపి రీబూట్ చేయండి. మీకు వస్తున్నది ఇది కాక 1908 అంకెతో 'కెర్నల్ డ్రైవర్ లేదు' అన్న సందేశమైతే కారణం వేరు. సెక్యూర్ బూట్ ఉన్నప్పుడు సంతకం లేని డ్రైవర్‌ను కెర్నల్ ఎక్కనివ్వదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడిగి, రీబూట్‌లో నీలి తెర మీద 'ఎన్‌రోల్ మోక్' అని వస్తుంది. చాలామంది దాన్ని చూడకుండా కంటిన్యూ నొక్కేస్తారు. అక్కడ ఎన్‌రోల్ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి.

లినక్స్ హోస్ట్ మీద మా మొగ్గు కేవీఎం వైపే. వర్ట్-మేనేజర్ వేసి, మీ యూజర్‌ను లిబ్‌వర్ట్ గ్రూపులో చేర్చితే కిటికీలతోనే అన్నీ చేసుకోవచ్చు, కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవర్ తిరిగి కట్టే పని ఉండదు. విండోస్ గెస్ట్ వేసేటప్పుడు డిస్క్‌ను వర్టియో (వర్చువల్ మెషిన్ల కోసమే చేసిన) రకంగా పెడితే సెటప్‌కు డిస్క్ కనిపించదు. వర్టియో-విన్ ఐఎస్ఓను రెండో సీడీగా తగిలించి, సెటప్‌లో 'లోడ్ డ్రైవర్' నొక్కి, అందులోని వయోస్టార్ ఫోల్డర్‌లో మీ విండోస్ వెర్షన్‌కు సరిపడే డ్రైవర్ చూపించండి. డిస్క్ వెంటనే కనిపిస్తుంది. నెట్‌వర్క్‌కు కూడా అదే సీడీలోని నెట్‌కేవీఎం డ్రైవర్ వేయాలి.